డెబ్బై మూడు అడుగులు

గంట ఒక్క దెబ్బ కొట్టారు. అంటే పదకొండయింది, ఇంకో గంట ఉంది, ఈ గంటా ఆమని లేవకుండా ఉంటే చాలు, లేచినా ఏడవకుండా ఉంటే చాలు, ఏడ్చినా ఇక్కడికి వినపడకుండా ఉంటే చాలు అనుకుంది జయమణి. అంతలోనే, వినపడకపోతే ఎందుకు వినపడటం లేదోనని ఇంకో భయం. కిటికీలోంచి చూస్తే కాంపౌండు గోడ, గోడవారన కానుగ చెట్టు, చెట్టు కింద నాన్న మోపెడు వెనక చక్రం సగం కనపడుతున్నాయి. నాన్న కనపడటం లేదు. ఏడు నెలల పిల్లని భుజాన వేసుకున్నాడో, తువ్వాలు పరిచి పడుకోబెట్టాడో, పరిచే ముందు చీమలున్నాయో లేదో చూశాడో లేదో. కాగితం మీద మాత్రం నాలుగు మాటలు గీతలు కొట్టి మరీ రాసుకుంది. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. మొదటి మూడింటి కింద నింపేసింది. వాళ్ళు ఇచ్చిందేంటి, మనం తేల్చాల్సిందేంటి, అందుకోసం కొత్తగా గీసుకున్న గీతలేంటి, అన్నీ గైడులో ఉన్నవి ఉన్నట్టు. నాలుగో దాని కింద, అది ఎందుకు నిజమో చెప్పాల్సిన చోట, రెండు లైన్లు నడిచి పెన్ను నిలబడిపోయింది, ఎద్దు గట్టు దగ్గర నిలబడ్డట్టు.

ఇరవయ్యారేళ్ళ మనిషికి ఈ బెంచీ పొట్టి. మోకాళ్ళు పైచెక్కకి తగులుతున్నాయి. ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఇందాక వెనక్కి తిరిగి, "ఆంటీ, స్కేలిస్తారా?" అంది. ఆంటీ. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కేటప్పుడు కండక్టరు కూడా చంకలో పిల్లనీ చేతిలో హాల్ టికెట్టునీ చూసి, "పరీక్ష ఎవరికమ్మా, ఇద్దర్లో?" అన్నాడు. నందిగామలో దిగేసరికి నాన్న అప్పటికే బస్టాండులో మోపెడు మీద కూచుని ఉన్నాడు, చందర్లపాడు అవతల నుంచి తెల్లారకుండానే బయల్దేరి. అత్తగారు సీతారావమ్మ, "పాలు తాగే పిల్లని పెట్టుకుని పదో తరగతేంటే, నాకు నడుం లేదు, నీ చదువు నాకు పరీక్ష అయింది" అని చేతులెత్తేస్తే, కబురు పెట్టకుండానే వచ్చాడు నాన్న. ఎవరు చెప్పారో. బడి మానిపించిన మనిషే వచ్చి బడి బయట పిల్లనెత్తుకుని నిలబడ్డాడు. దీన్ని దేనికింద రాయాలి, దత్తాంశం కిందా, సారాంశం కిందా?

"ఏమ్మా, ఆ కిటికీలో ఆన్సరేమన్నా ఉందా?" అన్నాడు కాపలా ఉన్న ప్రేమానందం సారు, వరసల మధ్య తిరుగుతూ.

"పిల్ల ఉందండీ."

ఆయన వంగి కిటికీలోంచి చూసి ముందుకెళ్ళిపోయాడు.

ప్రాథమిక అనుపాత సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించుము. ప్రవచించడం అయిపోయింది. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీత గీస్తే అది మిగతా రెండు భుజాల్నీ ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది. అలా విభజిస్తుందని బొమ్మ చూస్తే కనపడుతూనే ఉంది, కళ్ళెదురుగా కనపడేదాన్ని మళ్ళీ నిరూపించడమేంటో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. కనపడని వాటినేమో ఊరికే ఒప్పేసుకోమంటారు. మొన్న ఫిజిక్సు పేపర్లో కదిలే వస్తువుని ఎవరూ ఆపకపోతే అది ఎప్పటికీ కదులుతూనే ఉంటుందని రాసొచ్చింది. రెండు మార్కులు. వాళ్ళింట్లో అలాంటి వస్తువు ఒక్కటీ లేదు. చీర ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ పక్కనే గైడు పెట్టుకుని చదివేది. ఒక్క క్షణం వేలు ఆపితే ఉయ్యాల ఆగేది, ఉయ్యాల ఆగితే ఆమని లేచేది. ఎవరూ ఆపకపోయినా ఆగిపోయేవే అన్నీ. ఆ మాట రాస్తే సున్నా వేస్తారు. ఆమనికి జోల కూడా ఇదే అయిపోయింది ఈ నాలుగు నెలలూ. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి, త్రిభుజం ఏబీసీలో, కావున, కావున, కావున. రెండో 'కావున' దగ్గర పిల్లకి కళ్ళు మూతలు పడేవి. భర్త హరిచరణ్ లారీ డ్యూటీ దిగొచ్చి అన్నం తింటూ, "నీ కావునలకి నాకూ నిద్దరొస్తోందే" అనేవాడు. వెక్కిరింపో ముద్దో. ఆయనకి కావాల్సింది ఒక్కటే, పాసవడం. వాళ్ళ వాడలో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అయింది, జూన్‌లో తీసుకుంటారు, పది పాసైన కాగితం ఉండాలి. పాసైతే పిల్లల మధ్య పిల్లని పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఫెయిలైతే ఎవరో ఇంకొకరు. కిందటి అక్టోబర్లో ఇరవయ్యేడు వచ్చాయి లెక్కల్లో. ఇప్పుడు మొదటి పేపర్లో ఎంత పిసినారి దిద్దినా పదహారు, ఈ పేపర్లో బిట్లతో కలిపి పద్నాలుగు, ముప్ఫై. ఈ ఒక్క థియరం ఐదు మార్కులు. ముప్ఫై అయిదు. దీనికి బదులు రాయదగ్గ ఇంకో ప్రశ్న ఉంది గానీ దానికి వృత్తలేఖిని కావాలి, తను తెచ్చిన వృత్తలేఖిని మర జారిపోయి గీత మొదలెట్టిన చోటికి తిరిగి రావడం లేదు.

అక్టోబర్లోనూ ఇదే థియరం వచ్చింది. అప్పుడూ ఇక్కడే ఆగింది. ఇక్కడే, సరిగ్గా ఈ లైను దగ్గరే. ముందు వాక్యాలొస్తాయి, తర్వాత వాక్యాలొస్తాయి, నడుమ ఒక్కటి పళ్ళ వరసలో ఊడిన పన్నులా ఖాళీ. ఇంటి దగ్గర అప్పజెప్పుకునేటప్పుడూ అంతే, నాలుక ఆ వాక్యం మీదుగా దూకేసేది, తనకి తెలియకుండానే. తెలియకుండానా? ఒకే భూమి మీద — అడుగున ఉండే గీతని పుస్తకంలో అలా అంటారు — ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు... ఇదిగో, అక్షరాలన్నీ వచ్చేశాయి, మర్చిపోలేదు. ఏమవుతాయన్నది కూడా తెలుసు. రాయడానికే చెయ్యి రావడం లేదు. ఎందుకంటే ఆ వాక్యం ఆమె మొదటిసారి విన్నది క్లాసులో కాదు. చేలో.

తొంభై రెండో సంవత్సరం. ఆమె తొమ్మిదో తరగతి, అమ్మ పోయి ఏడాది. కాలవ ఒక పక్క, దానికెదురుగా బళ్ళు పోయే డొంక, రెండూ ఎక్కడా దగ్గరవకుండా, ఎక్కడా దూరమవకుండా సాగిపోయేవి, మధ్యలో చేలు. నాన్న వాటాకొచ్చిన పొలం చెక్క కాలవ వైపు ఎనభై అడుగుల వెడల్పు. అక్కణ్ణుంచి సన్నబడుతూ, పక్కకి వాలిపోతూ, ఎక్కడో అవతల డొంక మీద ఒక్క రాయి దగ్గర మొన తేలేది. రెండు వైపులా బుల్లిబాబు బాబాయి చేనే. ఆ వాలుకి నాన్నకి అరక తిప్పడం నరకం, బాబాయికీ అంతే. బాబాయే వచ్చి, "అన్నయ్యా, డొంక మీద ఆ రాయిని ఇటు జరిపి నీ చెక్కకి తిన్నగా ఎదురుగా పాతుకుందాం. నీకూ సుఖం, నాకూ సుఖం" అన్నాడు. నాన్న సరేనన్నాడు. తేడాలు రాకుండా ఉండాలని బళ్ళో లెక్కల మాస్టారు శేషాద్రి గారిని చేలోకి తీసుకొచ్చారు. ఆయన పంచె ఎగ్గట్టుకుని, ములుగర్ర తీసుకుని డొంక దుమ్ములో రెండు గీతలు, వాటి మధ్య రెండు త్రిభుజాలు గీసి, క్లాసులో పాఠం చెప్పినట్టు ఆ వాక్యం చెప్పారు. జయమణికి గర్వంగా ఉంది, మా మాస్టారు మా చేలోకొచ్చారని. రాయి జరిపారు. పాత గట్టు దున్నేశారు, కొత్త గట్టు వేశారు. సాయంత్రం నాన్న ఒక్కడే గట్టు చుట్టూ అడుగులు వేసుకుంటూ తిరిగాడు. అక్కడ చేను ఎంతో తెలియాలంటే అందరూ చేసేది అదే, గట్టు చుట్టూ తిరిగి అడుగులు లెక్క పెట్టడం. ఎప్పుడూ మూడొందల అరవయ్యెనిమిది వచ్చేవి. ఆ రోజు రెండొందల తొంభై అయిదు.

"డెబ్బై మూడు అడుగులు ఎవడు మింగాడు?" అన్నాడు నాన్న మర్నాడు, రచ్చబండ దగ్గర, పదిమందిలో.

"ఎవరూ మింగలేదు బ్రహ్మయ్యా. గట్టు తగ్గింది గానీ చేను తగ్గలేదు. అడుగున గీత అదే, ఎత్తు అదే. రాయి డొంక వెంబడి ఎంత దూరం జరిగినా వైశాల్యం మారదయ్యా" అన్నారు మాస్టారు.

"మొలతాడు కురచైతే నడుం తగ్గినట్టు కాదాండీ మాస్టారూ?"

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. ఆయన నవ్వకపోయుంటే ఏమయ్యేదో. బాబాయి, "అన్నయ్యా, కావాలంటే పాత రాయి పాత చోటే పాతేద్దాం" అన్నాడు. నాన్న వినలేదు. దున్నేసిన గట్టుని మళ్ళీ ఎవడేస్తాడన్నాడు, ఆ మాట అనేటప్పుడు గొంతు అదోలా అయింది, అంత చిన్న మాటకి. ఆ రోజు నుంచి బాబాయితో మాటల్లేవు. తెల్లారి ఆమె జడలు వేసుకుని వస్తే, నాన్న ఆమె భుజం మీంచి బడిసంచి తీసి చిలక్కొయ్యకి తగిలించాడు. కొట్టలేదు, తిట్టలేదు. "ఆ మాయలెక్కలు మనకొద్దమ్మాయ్" అన్నాడు, బతిమాలుతున్నట్టు. ఆ సంచిలో తర్వాత కంది విత్తనాలు పోశాడు. ఆ విత్తనాలు ఎవరూ వేయలేదు, పుచ్చిపోయాయి. అదెందుకు గుర్తొస్తోందిప్పుడు. కందులు కాదు కావాల్సింది, వాక్యం.

పదకొండున్నరకి బిట్ పేపరిచ్చారు. గబగబా టిక్కులు పెట్టేసింది, తెలిసినవీ తెలియనివీ, పొయ్యి మీద పాలు పొంగుతుంటే వంటింట్లోకి పరిగెత్తినట్టు. పాలు. ఆ మాట అనుకోవడమే పాపం, బయట ఏడుపు వినపడింది. ఆమనిదేనా? ఇంకో పిల్లదేమో, ఇంకెవరి పిల్ల ఉంటుంది ఇక్కడ. సన్నగా మొదలై, ఊపిరి అందక ఆగి, మళ్ళీ. ఆమనే. గుండె కంటే ముందు ఒంటికి తెలిసింది, రవిక లోపల మడిచి పెట్టుకున్న గుడ్డ తడిసిపోయింది, పైట లాక్కుంది. నాన్న ఏదో పాడుతున్నాడు, ఎడ్లని అదిలించే కూతలాంటి పాట. లేచి వెళ్ళిపోతే? ముప్ఫై మార్కులు. వెళ్ళకపోతే ఆ ఏడుపు. ఆ వాక్యం రాసేసి లేచిపోవచ్చుగా, ఒక్క వాక్యం. రాస్తే ఏమవుతుంది, చేలో నాన్నకి ఎదురు నిలబడి, బాబాయి పక్షాన, మాస్టారి పక్షాన, నవ్విన ఆ పదిమంది పక్షాన సాక్ష్యం చెప్పినట్టవుతుంది. నాన్నేమో బయట తన పిల్లకి పాట పాడుతున్నాడు. అయినా నిజమో కాదో తెలియకుండా ఎవరి పక్షమైనా ఎందుకు రాయాలి. మొలతాడు మాటకి మాస్టారు జవాబు చెప్పలేదుగా, నవ్వారంతే. చేను చూస్తే తగ్గినట్టే ఉండేది. పాతది ఆ చివర నుంచి ఈ చివరకి ఎంత పొడుగు! నిజంగా తగ్గలేదా?

పెన్ను బొమ్మ మీద ఊరికే కదులుతోంది. అడుగు గీతకి సమాంతరంగా చిన్న చిన్న గీతలు గీస్తోంది త్రిభుజం లోపల, ఒకదాని పైన ఒకటి, నాన్న దుక్కి దున్నినట్టు. నాన్న ఎప్పుడూ కాలవ వారగా మొదలుపెట్టేవాడు. తను మంచినీళ్ళ చెంబు పట్టుకుని సాలు వెంబడి నడిచేది, అడుగులు లెక్కపెట్టుకుంటూ, అదే ఆట. మొదటి సాలు ఎనభై. తర్వాతి సాలు కొంచెం తక్కువ. సరిగ్గా సగం దూరంలో, తుమ్మ మొద్దు ఉన్న చోట, నలభై. డొంక దగ్గర ఒక్క అడుగు, రాయి. అది పాత చేను. రాయి జరిపాక? మొదటి సాలు ఎనభై, కాలవ గట్టు కదల్లేదుగా. సగం దూరంలో... ఆ ఏడు కూడా నీళ్ళు తీసుకెళ్ళింది తను, బడి లేదు కాబట్టి రోజూ తీసుకెళ్ళింది. సగం దూరంలో నలభై. సాలు ఎడం పక్కకి జరిగిందంతే, తుమ్మ మొద్దు బాబాయి చేలోకి పోయింది, కానీ సాలు నలభయ్యే. ప్రతి సాలూ అంతే. సాళ్ళన్నీ జరిగాయి, ఏ సాలూ కురచ కాలేదు. దొంతి పెట్టిన అప్పడాలని ఒక పక్కకి వాల్చి తోస్తే దొంతి వాలుతుంది, అప్పడం తగ్గదు. అంతేనా? ఇంత చిన్నదా? ఇది తను కనిపెట్టిందా, తనని తను మభ్యపెట్టుకుంటోందా? గైడులో సాళ్ళ సంగతి లేదు, మాస్టారూ చెప్పలేదు, ఇలా రాస్తే కొట్టేస్తారేమో. కానీ గట్టు తగ్గడం వేరు, చేను తగ్గడం వేరు, ఆ రెండూ ఎప్పుడూ ఒకటి కావు, నడుం ఒక పక్కకి వంచి నిలబడితే మొలతాడు చాలదు, అంతమాత్రాన ఒళ్ళు పెరిగిందా. నాన్నా, ఒళ్ళు పెరిగిందా?

బయట ఏడుపు ఆగిపోయింది. ఎందుకు ఆగింది? రాసింది. ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉండుటచే ఆ రెండు త్రిభుజముల వైశాల్యములు సమానము. 'సమానము'లో సున్నా వంకర పోయింది. కావున. కావున. నిరూపించబడినది. అక్షరాలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోలేదు. గంట ఎప్పుడు కొట్టారో, ప్రేమానందం సారు కాగితం ఎప్పుడు లాక్కున్నాడో, "వెళ్ళమ్మా, వెళ్ళు, పిల్ల ఆకలి మీదుంది" అని ఆయన అన్నాడో తనే అనుకుందో, స్కేలు మర్చిపోయి, రెండు జడల పిల్ల "ఆంటీ, ఆంటీ" అంటుంటే వినపడనట్టే నడిచింది.

నాన్న భుజం మీద ఉంది ఆమని, ఆయన చెవిపోగు పట్టుకుని. బుగ్గల మీద ఏడ్చిన చారలు.

"ఏడ్చిందా?"

"ఏడవలా. ఇద్దరం మాటాడుకున్నామంతే" అన్నాడు బ్రహ్మయ్య. ఆయన చొక్కా భుజం తడిసి ఉంది.

చెట్టు మొదట్లో గోడ వైపు తిరిగి కూచుని పిల్లకి పాలు పట్టింది. పిల్ల గుటకలు వేస్తోంది. నాన్న మోపెడు పక్కన నిలబడి తువ్వాలు దులుపుతున్నాడు, దుమ్ము లేకపోయినా.

"ఏం అడిగారమ్మాయ్?"

చెప్పకపోతే ఏం పోతుంది. "మన కాలవ చెక్క లెక్క అడిగారు నాన్నా."

తువ్వాలు ఆగింది. "నువ్వేం రాసావ్?"

"సమానం అని రాసా."

నాన్న తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత, "అట్టా రాస్తేనే మార్కులేస్తారా?"

"మార్కులకని కాదు నాన్నా. నిజంగానే సమానం. సాళ్ళు చూసుకో, మొదటి సాలు ఎనభై, సగం దూరంలో..."

"నలభై" అన్నాడు నాన్న.

ఆమె తల తిప్పి చూసింది.

"పాతదాంట్లోనూ నలభయ్యే, కొత్తదాంట్లోనూ నలభయ్యే. ఆ యేడు దుక్కిలోనే తెలిసిందే నాకు. విత్తులు అన్నే పట్టినయి. పత్తి అంతే వచ్చింది."

"తెలిసీ..."

"గట్టు మీద మీ అమ్మ కంది పెట్టేది" అన్నాడు బ్రహ్మయ్య, మోపెడు అద్దంలోకి చూస్తూ. "మీ అమ్మ పోయిన యేడు ఆ మోళ్ళు పీకలా నేను. మళ్ళీ చిగిరించినయి. మీ బాబాయికి తెలీదు, వాడు ఉత్త గట్టేగా అని దున్నాడు. నేనే సరేనన్నా, నాకూ గుర్తు రాలా దున్నిందాకా. పదిమందిలో కందిమోళ్ళ కోసం ఏడుస్తామా? డెబ్బై మూడు అడుగులంటే లెక్కలా ఉండుద్ది."

మరి నా బడి? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, ఇందాకటి వాక్యంలాగే అక్కడ నిలబడింది. తెలిశాక కూడా చిలక్కొయ్య మీంచి సంచి ఎందుకు దించలేదు నాన్నా. అడిగితే ఆయన చెప్పేలాగే ఉన్నాడు. అందుకే అడగలేకపోయింది. చేను సమానం, అది నిజం. పోయింది పోయింది, అదీ నిజం. రెండు నిజాలు పక్కపక్కనే, కాలవా డొంకలా, ఎంత దూరం పోయినా కలవకుండా ఉంటాయేమో, వాటి మధ్య తను ఏ రాయి దగ్గర నిలబడాలో తెలియలేదు. ఆమని పాలు వదిలేసి నిద్రపోయింది. పిల్ల నోటి చివర పాల చుక్క తుడిచి, లేచి, పిల్లని ఎత్తుకుని మోపెడు వెనక కూచుంది. నాన్న రెండుసార్లు కిక్కు కొట్టాడు, అందుకోలేదు.

"ఎన్ని మొక్కలుండేవి నాన్నా?" అంది, ఆయన వీపుతో.

మూడోసారి కొట్టబోతూ కాలు అక్కడే ఉంచాడు.

"అడుగుకొకటి."